గాలికీ ఒక చిట్టా
పాలారు తోళ్ళ ఊళ్ళలో గాలి పహరా: ఉద్యమ ప్రణాళిక

రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి, పేర్ణాంబట్టు. తమిళనాడులో పాలారు ఒడ్డునా దాని చుట్టుపక్కలా ఉన్న ఈ ఊళ్ళలో, తోలు పదునయ్యేటప్పుడు లేచే గాలి పీల్చి బతుకుతున్నవాళ్ళం మేం. మాలో డ్రమ్ముల దగ్గర పనిచేసేవాళ్ళున్నారు, షూ ఫ్యాక్టరీల్లో కుట్టుమిషన్ల ముందు కూర్చునే ఆడవాళ్ళున్నారు, బడిపంతుళ్ళున్నారు, నర్సులున్నారు, టానరీలో సగం జీవితం గడిపి దగ్గుతో ఇంటికి చేరిన పెద్దవాళ్ళున్నారు. మాలో చాలామందికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బజార్లో కాస్త ఉర్దూ. ఈ ప్రణాళిక మూడు భాషల్లోనూ రాసుకుంటున్నాం. తెలుగులో రాయడానికి ఇంకో కారణం ఉంది. అది చివర్లో చెబుతాం.

ఒక్క పని కోసం కలుస్తున్నాం. మా గాలిని మేమే కొలిచి, తేదీ వేసి రాసి, అందరికీ కనపడేచోట పెట్టడం. సంఘానికి పేరేం పెట్టాలన్న దాని మీద ఇప్పటికే రెండు వర్గాలయ్యాం కాబట్టి, పేరు తర్వాత చూసుకుందాం. ముందు చిట్టా మొదలుపెడదాం.

నీళ్ళ కేసు, గాలి లోటు

మా నీళ్ళ సంగతి దేశానికి తెలుసు. వేలూరు పౌర సంక్షేమ సంఘం 1991లో సుప్రీంకోర్టుకు వెళ్తే 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. తోళ్ళ ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో పూర్తిగానో పనికిరాకుండా పోయిందన్న లెక్క ఆ తీర్పులో ఉంది. ముందుజాగ్రత్త సూత్రం, కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం ఈ దేశ చట్టంలో భాగమేనని కోర్టు తేల్చిందీ ఈ కేసులోనే. ఇవాళ లా కాలేజీల్లో చదువుకునే ఆ పాఠం మా ఊరి బావుల్లోంచి పుట్టింది. 2025 జనవరి 30న సుప్రీంకోర్టు మళ్ళీ ఇదే పాలారు మీద, ఇవే టానరీల మీద తీర్పు చెప్పి, బాధితులకు పరిహారం ఇవ్వమనీ పర్యవేక్షణకు కమిటీ వేయమనీ ఆదేశించాల్సి వచ్చింది. రెండు తీర్పుల మధ్య ఒక తరం పుట్టి, పెరిగి, అదే టానరీల్లో పనికి చేరింది.

ఆ పోరాటానికి మేం వారసులం. దాన్ని తక్కువ చేసే మాట మా నోట రాదు. అయితే ఆ పోరాటమంతా నీటి వెంట నడిచింది, నేల వెంట నడిచింది. గాలి దగ్గరికి రాలేదు. బావిలో ఉప్పు తేలితే సీసాలో పట్టి చూపించొచ్చు. తెల్లవారుజామున కిటికీలోంచి వచ్చి ఎనిమిదింటికల్లా చెదిరిపోయేదాన్ని జడ్జి ముందు ఎలా పెట్టడం?

ఇంకో చిక్కు ఉంది. అది పైకి కనపడదు. శుద్ధి ప్లాంటు దాటి బయటికి వదిలే నీటిలో సల్ఫైడు లీటరుకు 2 మిల్లీగ్రాములు మించకూడదని నిబంధన. వెంట్రుక ఊడదీసిన సున్నపు నీళ్ళలో అదే సల్ఫైడు వేలల్లో ఉంటుంది. మధ్యలో ఏమైనట్టు? కొంత, ట్యాంకుల్లో గాలి ఊదినప్పుడు ఆక్సిజన్‌తో కలిసి రూపం మార్చుకుంటుంది. కొంత బురదలో దిగుతుంది. మిగిలింది ఆవిరిగా లేచి మా వీధుల్లోకి వస్తుంది. నీటి రిపోర్టులో మాత్రం అంతా 'తొలగింది' అనే పడుతుంది. నీటికి నిబంధన బిగించి గాలికి బిగించకపోతే, కాలుష్యానికి దారి మళ్ళించినట్టే.

అంకెల్లో లేని వాయువు

ఈ వాయువు ఎక్కడ పుడుతుందో తెలుసుకోకుండా దాన్ని కొలవలేం కాబట్టి కాస్త ఓపికగా వినండి.

పచ్చి తోలు మీది వెంట్రుక ఊడటానికి సున్నం, సోడియం సల్ఫైడు వాడతారు. ఆ నీళ్ళు గట్టి క్షారం. పీహెచ్ 12 దగ్గర ఉంటుంది. అలా ఉన్నంతసేపు సల్ఫైడు నీళ్ళలోనే అణిగి ఉంటుంది. ఆ తర్వాత పికిల్ దశలో, క్రోమ్‌తో పదునుచేసే దశలో ఆమ్లం పడుతుంది. ఆ నీళ్ళ పీహెచ్ 3, 4. ఈ రెండు రకాల నీళ్ళూ ఒకే కాలువలో కలిశాయా, పీహెచ్ పడిపోతుంది. 7 దగ్గరికి దిగేసరికి కరిగి ఉన్న సల్ఫైడులో సగం దాకా హైడ్రోజన్ సల్ఫైడుగా మారుతుంది. అక్కణ్ణుంచి ఇంకా దిగితే దాదాపు అంతా. నీళ్ళు కదిలినప్పుడల్లా అది వాయువై పైకి లేస్తుంది. మా ఊళ్ళకు కుళ్ళిన కోడిగుడ్డు వాసన అంటగట్టింది అదే. అంటే ఈ వాసన తోలు పనికి పుట్టుకతో వచ్చిన శాపమేమీ కాదు. చాలావరకు రెండు కాలువలు విడిగా తవ్వకపోవడం వల్ల వస్తున్నది.

సున్నం తీసే దశలో అమ్మోనియం లవణాలు పడతాయి. అక్కడ అమ్మోనియా ముక్కు పొడుస్తుంది. ఫినిషింగ్ సెక్షన్లో స్ప్రే గన్లు తిరుగుతుంటే టోలీన్, బ్యూటైల్ ఎసిటేట్ లాంటి ద్రావకాలు ఆవిరవుతాయి. బఫింగ్ మిషన్ల దగ్గర సన్నటి తోలు దుమ్ము. తోలు దుమ్ము మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి గుంపులో చేర్చింది; ముక్కు లోపలి క్యాన్సర్‌కు దానితో సంబంధం ఉందని తేల్చింది. ఇవి కాక బాయిలర్ పొగ, ఎండబెట్టిన బురద నుంచి లేచే ధూళి. చాటుగా తగలబెట్టే తోలు ముక్కలు వీటన్నిటికంటే చెడ్డవి. పదునైన తోలులో ఉండే క్రోమియం-3 అంత హానికరం కాదు. కాలినప్పుడు అందులో కొంత క్రోమియం-6గా మారే ప్రమాదం ఉంది. అదేం చేస్తుందో రాణిపేటకు ఎవరూ చెప్పనక్కర్లేదు. క్రోమేట్ల ఫ్యాక్టరీ ఒకటి మూతపడి దశాబ్దాలు దాటినా, అది వదిలిపోయిన లక్షన్నర టన్నులకు పైబడిన వ్యర్థం గుట్టగా మిగిలింది. 2006లో ఒక అమెరికా సంస్థ ప్రపంచంలో అత్యంత కలుషితమైన పది చోట్ల జాబితా వేస్తే అందులో రాణిపేట ఉంది.

ఇప్పుడు ప్రభుత్వం గాలిని ఎలా కొలుస్తుందో చూడండి. 2009 నవంబరులో ప్రకటించిన జాతీయ వాయు నాణ్యతా ప్రమాణాల్లో 12 కాలుష్యకాలున్నాయి. సల్ఫర్ డయాక్సైడు, నైట్రోజన్ డయాక్సైడు, రెండు రకాల ధూళి, ఓజోన్, సీసం, కార్బన్ మోనాక్సైడు, అమ్మోనియా, బెంజీన్, బెంజోపైరీన్, ఆర్సెనిక్, నికెల్. హైడ్రోజన్ సల్ఫైడు లేదు. క్రోమియం లేదు. టోలీన్ లేదు. ఫోన్లో రంగురంగులుగా కనిపించే వాయు నాణ్యతా సూచీ అందులోంచి ఎనిమిదింటినే తీసుకుంటుంది. అందుకని మా వీధిలో ముక్కు మూసుకుని పిల్లలు బడికి పోతున్న పొద్దున కూడా ఫోన్ ఆకుపచ్చ రంగు చూపించగలదు. ఫోన్ అబద్ధమాడటం లేదు. దాన్ని అడిగిన ప్రశ్నే వేరు. ఢిల్లీ పొగమంచు కోసం, మోటారు వాహనాల కోసం తయారైన కొలత అది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2000లో వేసిన మార్గదర్శకాల్లో హైడ్రోజన్ సల్ఫైడుకు రెండు అంకెలున్నాయి. ఆరోగ్యం కోసం 24 గంటల సగటు ఘనపు మీటరుకు 150 మైక్రోగ్రాములు. వాసన వల్ల జనం ఇబ్బంది పడకుండా ఉండాలంటే అరగంట సగటు 7 మైక్రోగ్రాములు. 1948 ఫ్యాక్టరీల చట్టం గోడ లోపల ఎనిమిది గంటల పనికి ఒప్పుకున్న హద్దు పది లక్షల్లో 10 వంతులు, అంటే 10 పీపీఎం. దాన్ని లెక్కగడితే ఘనపు మీటరుకు దాదాపు 14,000 మైక్రోగ్రాములు. గోడ లోపల ఇంత. గోడ బయట వీధికి దేశవ్యాప్త ప్రమాణమే లేదు. డ్యూటీ దిగిన కార్మికుడు వెళ్ళి పడుకునేది ఆ గోడ పక్కనే.

గుంట దగ్గర మొదలుపెడదాం

గాలి కాలుష్యం మీద గొంతు విప్పేది సాధారణంగా ఊరికి దూరంగా కొత్తగా లేచిన కాలనీలు. వాళ్ళ బాధ అబద్ధమని అనం. కానీ మా చిట్టాలో మొదటి పేజీ కాలనీది కాదు, గుంటది.

హైడ్రోజన్ సల్ఫైడు గాలికంటే బరువు. గుంటల్లో, మ్యాన్‌హోళ్ళలో, మూతపెట్టిన ట్యాంకుల్లో అడుగున నిలుస్తుంది. కాస్త ఉన్నప్పుడు ముక్కు వెంటనే పట్టేస్తుంది. 100 పీపీఎం దాటితే కొద్ది నిమిషాల్లో ముక్కు మొద్దుబారుతుంది. వాసన పోయింది కాబట్టి గ్యాస్ కూడా పోయిందనుకుంటాడు మనిషి. 500 దాటితే కుప్పకూలతాడు. వెయ్యి దగ్గర ఒకటి రెండు ఊపిరులు చాలు. అడుగున బురద పేరుకున్న ట్యాంకులో పైన కొలిస్తే ఏమీ ఉండకపోవచ్చు. పార పెట్టి కదిలించగానే లోపల చిక్కుకున్నదంతా ఒక్కసారి లేస్తుంది. మొదటివాడు పడిపోతే అతన్ని లాగడానికి రెండోవాడు దిగుతాడు, వాళ్ళ కోసం మూడోవాడు. ఇలాంటి చావుల్లో ఒక్కడే పోయిన సందర్భాలు తక్కువ. 2025 ఫిబ్రవరి 2న కోల్‌కతా పక్కన బాంతలా లెదర్ కాంప్లెక్స్‌లో మ్యాన్‌హోల్ శుభ్రం చేయడానికి వెళ్ళి ముగ్గురు పోయారు. మా రాణిపేటలో 2015 జనవరి 31న ఉమ్మడి శుద్ధి ప్లాంటు బురద ట్యాంకు గోడ కూలి, పక్క టానరీలో నిద్రపోతున్న పదిమంది కార్మికుల్ని ముంచేసింది. ఎక్కువమంది పశ్చిమ బెంగాల్ నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్ళు. అది వాయువు చేసిన పని కాదు, నిజమే. కానీ బురదను ఎక్కడ, ఎంత, ఎన్నాళ్ళు నిలవపెడుతున్నారో ఎవరూ లెక్క చూడకపోవడం వల్ల జరిగింది. మా చిట్టా అవసరమూ అక్కడే ఉంది.

ట్యాంకులోకి మనిషిని దించే ముందు గ్యాస్ మీటరు దింపాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షనే విషవాయువుల సంగతి చెప్పింది. మీటరు ఖరీదు ఏ టానరీకీ భారం కాదు. అది లేకపోవడానికి డబ్బు కారణమని మాకు ఎవరూ చెప్పొద్దు.

ముక్కు కొలిచేది, కులం కొలిచేది

ఇక్కడ ఒక సంగతి తేల్చుకోకపోతే ఈ ఉద్యమం తప్పుదోవ పడుతుంది.

తోలు వాసన అన్న మాట మన దేశంలో ఎన్నడూ ఒట్టి వాసన గురించి కాదు. తంగేడు చెక్కతో, కరక్కాయతో లంద అనే తొట్టిలో తోలు ఊనిన మాదిగల్ని ఊరు ఆ లంద వాసన పేరు చెప్పే దూరం పెట్టింది. ఆ తోలుతో కుట్టిన చెప్పు తొడుక్కుంది, ఆ తోలుతో కట్టిన మోటతో పొలం తడుపుకుంది, డప్పు లేకుండా జాతర చేసుకోలేదు, వాసన మాత్రం వాడకు వదిలేసింది. ఊరి గాలి వాడ మీదుగా పోవాలేగానీ వాడ గాలి ఊరి మీదికి రాకూడదని దిక్కులు చూసి ఇళ్ళు కట్టుకున్న సమాజం మనది. తమిళనాడులో తోలు పనిలో ఉన్న అరుంధతీయుల్లో చాలామంది ఇళ్ళలో ఇప్పటికీ తెలుగే. ముస్లిం కుటుంబాలూ తరతరాలుగా ఈ వ్యాపారంలో, ఈ పనిలో ఉన్నారు. "తోళ్ళ కంపు" అని ముఖం చిట్లించే గొంతులో ఎప్పుడూ కొంత ఈ లెక్క దాగి ఉంటుంది. కంపు వస్తోందని ఫిర్యాదు చేసి, దాని చాటున మనుషుల్ని తరిమే పనికి మా కాగితాలు పనికిరాకూడదు.

పాత లందలో సల్ఫైడు లేదు, క్రోమ్ లేదు, టోలీన్ లేదు. ఇప్పటి గాలి వేరు. పచ్చి తోలు, సగం పదునైన తోలు ఎగుమతిని 1970ల్లో కట్టడి చేసి, పూర్తయిన తోలుగా, చెప్పులుగా అమ్మితేనే దేశానికి లాభమని విధానం మార్చాక, ఫినిషింగ్ రసాయనాలన్నీ ఇక్కడికే చేరాయి. విధానం మంచిదే, ఉద్యోగాలొచ్చాయి. బూటు విదేశానికి పోయింది, ఆవిరి ఇక్కడే ఉండిపోయింది.

అందుకే మేం ముక్కును నమ్ముతాం గానీ ముక్కు దగ్గర ఆగిపోం. వాసన వచ్చిందని ముక్కు చెబుతుంది. ఏ వాయువు, ఎంత, ఎన్నింటికి, ఏ వైపు నుంచి అని పరికరం చెప్పాలి. పరికరం అంకెకు కులం అంటదు.

ఎలా కొలుస్తాం

ఈ దారి మేం కొత్తగా వేస్తున్నది కాదు. ఇదే తమిళనాడులో కడలూరు సిప్‌కాట్ రసాయన వాడల చుట్టూ ఉన్న పల్లెల జనం ఇరవై ఏళ్ళ కిందటే దీన్ని చేసి చూపించారు. ఏ వాసన ఏ ఫ్యాక్టరీ వైపు నుంచి, ఎన్ని గంటలకు వచ్చిందో రోజూ రాశారు. ప్లాస్టిక్ బకెట్‌లో ప్రత్యేకమైన సంచీ బిగించి, గాలిని అందులోకి లాగి, అమెరికా ప్రయోగశాలకు పంపారు. 2004లో వచ్చిన ఆ నివేదికలో ఇరవైకి పైగా విషవాయువుల పేర్లు బయటపడ్డాయి. అంతదాకా వాళ్ళు చెప్పిందల్లా 'భ్రమ'. బకెట్ పద్ధతి పుట్టింది 1990ల్లో కాలిఫోర్నియా చమురు శుద్ధి కర్మాగారాల పక్కన. కడలూరులో చేపలు పట్టేవాళ్ళు, కూలీలు, గృహిణులు చేసిన పని అది. మేమూ చేయగలం.

మొదటి పరికరం నోటు పుస్తకం. ప్రతి వీధిలో ఇద్దరు, ప్రతి షిఫ్టులో ఒకరు. తేదీ, గంట, గాలి ఏ దిక్కు నుంచి, వాసన ఏ రకం, ఎంతసేపు, కళ్ళు మండాయా, తలనొప్పి వచ్చిందా, వాంతి వచ్చిందా. వాసన లేని రోజు "లేదు" అని రాయాలి; ఆ "లేదు" లేకపోతే మిగతా పుస్తకానికి విలువ ఉండదు. తెల్లవారుజామున మూడు నుంచి ఏడు దాకా తప్పక రాయాలి. గాలి ఆడని రాత్రుళ్ళలో నేలను అంటిన చల్లగాలి పైకి లేవదు, లేచిన ఆవిరి మన ఎత్తులోనే పరుచుకుంటుంది. 24 గంటల సగటు తీస్తే ఆ రెండు గంటల ఘాటు మధ్యాహ్నపు గాలిలో కలిసి మాయమవుతుంది. సగటు ఎక్కడ తీస్తే ఎవరికి లాభమో మాకు తెలుసు.

రెండోది రేకులు. రాగి, వెండి రేకులను నెలరోజులు గాలికి వేలాడదీసి ఎంత నల్లబడ్డాయో కొలిచే పద్ధతి పెద్ద ఫ్యాక్టరీల కంట్రోల్ రూముల్లో ఎప్పటినుంచో ఉంది. ఎలక్ట్రానిక్ పరికరాలు పాడవకుండా కాపాడుకోవడానికి. యంత్రానికి చూపించే శ్రద్ధే మేం బడి గోడకూ, ఆసుపత్రి వరండాకూ చూపిస్తాం. లెడ్ ఎసిటేట్ కాగితం ఇంకా తొందరగా గోధుమరంగుకూ నలుపుకూ తిరుగుతుంది. అందులో సీసం ఉంటుంది కాబట్టి అది సైన్సు మాస్టర్ల చేతిలోనే ఉంటుంది. పిల్లల చేతికి ఇవ్వం.

ఈ రెండూ దారి చూపేవి. సాక్ష్యానికి నిలబడేది మూడోది: గాలిని దానంతట అది పీల్చుకునే చిన్న గొట్టాలు, ధూళి కొలిచే సెన్సర్లు, గుర్తింపు పొందిన ప్రయోగశాల రిపోర్టు. చౌక సెన్సర్లు తేమకూ ఎండకూ తప్పు అంకె ఇస్తాయి. కాబట్టి ముందు కొన్నాళ్ళు ప్రభుత్వ కేంద్రం పక్కనే పెట్టి తేడా లెక్కగట్టి, ఆ తేడాతో సహా బయటపెడతాం. ఆ పనికి కాలుష్య నియంత్రణ మండలి తన గేటు తెరవాలి. తెరవకపోతే ఎందుకు తెరవలేదో అదీ చిట్టాలో ఎక్కుతుంది.

నాలుగోది మనుషుల ఒంట్లో ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆయాసం, కళ్ళ మంట, చర్మం పుళ్ళు అని వచ్చేవాళ్ళ లెక్కలు పేర్లు లేకుండా, వీధుల వారీగా, వారం వారం కావాలి. సమాచార హక్కు చట్టం కింద అడుగుతాం. నర్సమ్మలు సాయపడితే తొందరగా అవుతుంది.

ఏం అడుగుతున్నాం

టానరీలన్నీ మూసేయమని అడగడం లేదు. మూసేస్తే మొదట పస్తులుండేది మేమే. పైగా మూతపడిన పని ఇంకో ఊరి గుంటలో తెరుచుకుంటుంది.

తోళ్ళ శుద్ధి కేంద్రాలున్న ప్రతి ఊళ్ళో ప్రభుత్వ గాలి కేంద్రాలు హైడ్రోజన్ సల్ఫైడును, అమ్మోనియాను, ద్రావకాల ఆవిరిని గంట గంటకూ కొలవాలి. ఆ అంకెలు ఫోన్లో ఎక్కడో కాక, శుద్ధి ప్లాంటు గేటు ముందు బోర్డు మీద, చదవొచ్చిన పిల్లవాడు చదివి చెప్పగలిగేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. హైడ్రోజన్ సల్ఫైడుకు వీధి ప్రమాణం కావాలి, అరగంటకొకటి, రోజుకొకటి. ఇది కేంద్రం చేయాల్సిన పని, అందాకా రాష్ట్ర మండలి అనుమతి పత్రాల్లోనే ఆ షరతు రాయొచ్చు. 1981 వాయు చట్టం దృష్టిలో గాలిలో హాని చేసేంతగా ఉన్న ఏ పదార్థమైనా కాలుష్యకమే. కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు.

సున్నపు నీళ్ళు, క్రోమ్ నీళ్ళు వేరే కాలువల్లో పోవాలి. సున్నపు నీళ్ళలో మాంగనీస్ లవణం కలిపి గాలి ఊదితే సల్ఫైడు అక్కడే విరుగుతుంది. ఇది పాత విద్య. ట్యాంకుల మీద మూతలు, మూత కిందినుంచి లాగిన గాలికి క్షారపు స్క్రబ్బరు. స్ప్రే సెక్షన్లలో నీటి ఆధారిత రంగులు. బఫింగ్ దుమ్ము మిషన్ దగ్గరే పీల్చేయాలి. తోలు ముక్కలు తగలబెడితే అనుమతి రద్దు.

ఇవన్నీ సాధ్యం కావని ఎవరైనా అంటే చెన్నైలోని అడయారు దారి చూపిస్తాం. 1948 నుంచి అక్కడ కేంద్ర చర్మ పరిశోధన సంస్థ ఉంది. ఎంజైములతో వెంట్రుక ఊడదీయడం, క్రోమ్ వాడకం తగ్గించడం మీద అక్కడ పరిశోధన దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ, తోలును అంటుగా చూసే కాలంలో తోలు శాస్త్రాన్నే ఎంచుకుని, ఆ సంస్థను నడిపి ప్రపంచం దృష్టిలో పెట్టాడు. ఆయన సంస్థకూ రాణిపేట కాలువకూ మధ్య దూరం నూటపాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. శాస్త్రం ఆ దూరం ఎందుకు నడవలేదన్నది యజమానులూ అధికారులూ కలిసి జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

పరికరాల ఖర్చు నెపంతో జీతాల్లో కోత పడకూడదు. కోర్టు ఆదేశంతో ఏ యూనిట్ అయినా ఆగితే, ఆగినన్నాళ్ళూ కార్మికుడికి జీతం అందాలి. ఈ షరతు లేని ఏ కేసులోనూ మేం వాది కాము.

కోర్టు మాట వచ్చింది కాబట్టి: వాయు చట్టాన్ని 1987లో సవరించినప్పుడు, 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి పౌరుడే నేరుగా ఫిర్యాదు చేసే దారి తెరిచారు. 2023 జన విశ్వాస్ చట్టం ఈ నేరాల్లో చాలావాటికి జైలు తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది. జరిమానాను కరెంటు బిల్లులా కట్టి పారేసే రోజులొస్తాయని మా అనుమానం. జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. పరిహారం అక్కడ అడగొచ్చు. ఏ గుమ్మం ఎక్కినా అడిగేది మొదట ఒక్కటే: మీ దగ్గర రికార్డు ఏముంది? రెండేళ్ళ నోటు పుస్తకాలు, ప్రయోగశాల కాగితాలు చేతిలో ఉంటే ఆ ప్రశ్నకు భయపడం.

మా మీద మేం పెట్టుకునే కట్టుబాట్లు

అంకె మాకు అనుకూలంగా ఉన్నా లేకున్నా బయటపెడతాం. ఒక టానరీ పక్కన గాలి శుభ్రంగా ఉందని తేలితే ఆ మాటా బోర్డు మీద రాస్తాం. ఒట్టి నోటు పుస్తకం చూసి ఏ ఫ్యాక్టరీ పేరూ ఎత్తం. చెప్పిన కార్మికుడి పేరు ఎవరికీ ఇవ్వం, పోలీసు అడిగినా, పత్రిక అడిగినా. టానరీల దగ్గర డబ్బు తీసుకోం. టానరీలు లేచిపోతే ఆ స్థలాల్లో ప్లాట్లు వేద్దామని చూస్తున్నవాళ్ళ దగ్గర అంతకన్నా తీసుకోం. కార్యవర్గంలో సగానికి తక్కువ కాకుండా టానరీల్లో, షూ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళుండాలి, వాళ్ళలో సగం ఆడవాళ్ళు. ఎన్నికల్లో ఎవరి జెండా మోయం. ట్యాంకులో కొలత తీయడానికి మా మనుషులెవరూ ఎంత చిన్న పనికైనా లోపలికి దిగరు.

తెలుగు నేల మీదివారికి

ఇది తెలుగులో రాయడానికి ఇంకో కారణం ఉందన్నాం. పాలారు కర్ణాటకలో పుట్టి, చిత్తూరు జిల్లా కుప్పం మీదుగా వచ్చి మా దగ్గరికి చేరుతుంది. నీళ్ళు అటునుంచి ఇటు వచ్చినా పరిశ్రమ ఇటునుంచి అటు రావచ్చు. నెల్లూరు తీరంలో కొత్తపట్నం దగ్గర పెద్ద తోళ్ళ పార్కు ప్రతిపాదన ఏళ్ళపాటు నలిగింది. రేపు ఇంకో జిల్లాలో ఇంకో పేరుతో రావచ్చు. ఉద్యోగాలు కావాలి, రానివ్వండి. అయితే 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో తోళ్ళ శుద్ధి ఉంది. పార్కు రాకముందు అక్కడి గాలి ఎలా ఉందో కొలవడం ఆ అంచనాలో భాగం. వాడుకలో అది ఒక్క సీజన్, మూడు నెలల కొలతతో సరిపెడుతున్నారు, అదీ మామూలు జాబితాలోని ధూళి, సల్ఫర్, నైట్రోజన్.

ఆ ముందు కొలతను ఒకసారి పోగొట్టుకుంటే మళ్ళీ తెచ్చుకోలేం. మా దగ్గర అది లేదు. మా గాలి టానరీలు రాకముందు ఎలా ఉండేదో ఏ కాగితం మీదా లేదు, అందుకే "ఇక్కడ ఎప్పుడూ ఇంతే" అని ఎవరైనా అంటే కాదనడానికి ఆధారం చూపలేకపోతున్నాం. మీకు ఇంకా సమయం ఉంది. మీ ఊరికి తోళ్ళ పార్కు ఫైలు వచ్చిన రోజున, భూమి ధర మాట్లాడే ముందు, ప్రజాభిప్రాయ సేకరణలో లేచి నిలబడి ఏడాది పొడవునా హైడ్రోజన్ సల్ఫైడు, అమ్మోనియా, ద్రావకాల ఆవిరి, క్రోమియం కొలిచిన లెక్క ఏదని అడగండి. లేదని జవాబొస్తే, ఆ లెక్క వచ్చేదాకా సంతకం పెట్టకండి. నోటు పుస్తకం ఎలా రాయాలో నేర్పడానికి మేం వస్తాం, బస్సు ఛార్జీలు మావే.